పాత తోలుబొమ్మను తళతళలాడించడం ఎలా?

ఎప్పుడో నిమ్మలకుంటలో కొన్నదో, ఆడించేవాళ్లు పాడైందని పక్కన పడేసిందో, ఒక పాత తోలుబొమ్మ మీ చేతికొచ్చింది. రావణాసురుడే అనుకుందాం. మూడు తలలకు రంగు పెచ్చులూడింది. ఒక చేయి దారం తెగి వేలాడుతోంది. తోలంతా కాల్చిన అప్పడంలా వంకర్లు తిరిగింది. కంగారేం లేదు, ఆదివారం ఒక పూట చాలు.

ముందు తలస్నానం. బకెట్టు నిండా మరిగే నీళ్లు, గుప్పెడు సర్ఫు. చెప్పుల తోలునైతే తంగేడు చెక్క వేసి పదును చేసేవారు. బొమ్మ తోలుకు ఆ యోగం లేదు. మేకతోలు మీది వెంట్రుకలు గీకి, బిగలాగి ఎండబెడతారు, అంతే. అందుకే వేడినీళ్లు తగలగానే ముడుచుకుపోయి బంకబంకగా అవుతుంది. మంచిదే. నాలుగడుగుల రావణుడు మూడడుగులకు దిగితే అపార్ట్‌మెంటు గోడకు సరిగ్గా సరిపోతాడు. రంగు దిగిన నీళ్లు మాత్రం పారబోయకండి, కరువు సీమలో ఉన్నాం. మందార చెట్టుకు పోయండి.

తర్వాత వంకర్లు తీయాలి. మ్యూజియం వాళ్లనడిగితే, కాస్త చెమ్మగాలి తగలనిచ్చి, తోలు మెత్తబడ్డాక పైన తేలికపాటి బరువు పెట్టి, రోజుల తరబడి ఓపిక పట్టమంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలనుకునే అనంతపురంలో చెమ్మగాలిని ఎక్కణ్ణుంచి తెచ్చేది? ఎండయితే ఊరికే వస్తుంది. మిట్టమధ్యాహ్నం మేడ మీద పరిచేయండి. అప్పటికీ లొంగకపోతే ఇస్త్రీపెట్టె ఉండనే ఉంది. ఉన్న రంగు కాస్తా వెలిసిపోతుందంటారా, పోనీండి, ఎలాగూ కొత్తది వేస్తున్నాం.

రంగంటే ఎనామిల్ పెయింటే. పాతకాలం వాళ్లు రంగును పల్చగా, రెండు వైపులా పూసేవారు. వెనక దీపం పెడితే వెలుగు ఆ రంగులోంచి వచ్చి తెల్ల పంచె తెర మీద పడేది. మీ ఇంట్లో తెర లేదు, దీపం లేదు, టీవీ ఉంది. దట్టంగా రెండు కోట్లు కొట్టండి. ఆ తర్వాత వెనక హెడ్‌లైటు పెట్టినా రవ్వంత వెలుతురు ఇవతలికి రాదు.

అసలు కష్టమంతా చిల్లులతోనే. కిరీటం నిండా, హారాల నిండా, వడ్డాణం నిండా చిల్లులే. రకరకాల మొనలున్న చిన్న ఉలులతో ఒక్కొక్కటీ కూర్చుని కొట్టినవి. దీపం ముందు నగలు మెరవడానికట. పగటిపూట చూస్తే బొమ్మను ఎవరో కొరికినట్టుంటుంది. వీటి మధ్య నిజంగా పురుగు కొట్టినవీ కొన్ని ఉంటాయి. ఉలి చిల్లు వరసలో, నున్నటి అంచుతో ఉంటుంది. పురుగు చిల్లు దాని ఇష్టం. అవన్నీ వేరు చేస్తూ కూర్చునే తీరిక ఎవరికుంది? వాల్‌పుట్టీ కలిపి, చాకుతో మొత్తం పూడ్చేయండి. పైన నాలుగు కుందన్లు అతికిస్తే నగల లోటూ తీరుతుంది.

ఇక కీళ్లు. భుజం దగ్గర, మోచేతి దగ్గర దారం ముడులుంటాయి, చేతులు ఆడించడానికి. మీరు ఆడించేదేముంది? తలో చుక్క ఫెవిక్విక్ వేసి, చేతులు ఆశీర్వదిస్తున్నట్టు బిగించేయండి. రావణుడైతేనేం, గోడ మీద ఉండేవాడికి అదే మర్యాద.

ఈపాటికి ఇంట్లో ఎవరో ఒకరు అడ్డుపడతారు. "నిమ్మలకుంటంటే తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చిన ఊరు. ధర్మవరం పక్కనే. ఉలి పట్టేవాళ్లు ఇంకా ఉన్నారు కదా, ఒకసారి చూపించరాదూ?" అంటారు. పొరపాటున కూడా వెళ్లకండి. వాళ్లు బొమ్మను వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తారు. మహా అయితే పాడైన చేయి ఒక్కటీ కొత్త తోలుతో కోసి, ముడేసి, చేతికిస్తారు. మిగతా బొమ్మంతా అలాగే పాతగా ఉంటుంది. పెట్రోలు పోసుకుని వెళ్లి, డబ్బిచ్చి మరీ పాతబొమ్మను తెచ్చుకుంటామా?

ఇంత చేశాక రావణుణ్ణి ఎవరూ ఆనవాలు పట్టకపోతే బెంగపడొద్దు. ఇంటికొచ్చినవాళ్లు ఎవరిదీ బొమ్మ అంటే కేతిగాడిదని చెప్పండి. బొమ్మలాటలో నవ్వించేవాడు కదా, ఆటలోకి ఎప్పుడైనా దూరతాడు, ఎలా ఉన్నా చెల్లుతుంది. మరి పది తలలెందుకని అడిగితే, ఆటలో వాడి జోడీ బంగారక్క మొట్టికాయలకు ఒకటి చాలడం లేదని చెప్పండి.