నెఫ్రాన్ బొమ్మ బాగా గీస్తాను

నెఫ్రాన్ బొమ్మ నేను గీస్తే పుస్తకంలో ఉన్నదానికన్నా బాగుంటుందని తోటి టీచర్లే అనేవారు. హైస్కూల్లో 27 ఏళ్ళు జీవశాస్త్రం చెప్పాను. పదో తరగతిలో శ్వాసక్రియ, విసర్జన పాఠాలు నాకు కొట్టిన పిండి. కిడ్నీలు రోజుకు వడగట్టేది 180 లీటర్లు, బయటికొచ్చేది లీటరున్నర అంటూ రంగు సుద్దముక్కలతో బోర్డంతా నింపేసేవాణ్ణి. అంతటివాణ్ణి, మా నాన్నగారి యూరిన్ బ్యాగు తీసుకెళ్ళి కిటికీ ఊచకు తగిలించాను.

ఎందుకంటే ఆ రోజు చుట్టాలు చూడ్డానికి వస్తున్నారు. మంచం పట్టెకు వేలాడుతుంటే గుమ్మంలోంచే కనబడుతుంది. కిటికీకైతే కర్టెన్ చాటు. కాఫీలు, కుశలప్రశ్నలు అయ్యేసరికి రెండు గంటలు పట్టింది. ఈలోగా నాన్నగారు పొత్తికడుపు మీద చెయ్యేసుకుని "ఏదో బిగపట్టినట్టుందిరా" అని రెండుసార్లు అన్నారు. గాలి చేరి ఉంటుంది, కాస్త వాము నమలండి అన్నాను.

రోజూ పొద్దున, సాయంత్రం వచ్చి చూసి వెళ్ళే సిస్టర్‌కి పాతికేళ్ళుంటాయేమో. కర్టెన్ తప్పించి చూసింది. ఏమీ అనకుండా బ్యాగు తీసి మంచం పట్టెకు తగిలించి, తొడ దగ్గర మడతపడిన ట్యూబు సరిచేసింది. బొట్లుబొట్లుగా మొదలై ధారగా దిగింది. "నీరు పల్లమెరుగు అంటారు కదా సార్" అంది. బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, అలాగని నేల మీద పెట్టకూడదు. పైకెత్తితే అందులోది సూక్ష్మజీవులతో సహా వెనక్కి పోవచ్చు. మూడో రోజు నాన్నగారికి వణుకుతో జ్వరం వచ్చింది. అది కిటికీ చలవేనని ఆ అమ్మాయి అనలేదు. నేనే అనుకుంటున్నాను.

అసలు ఆ ట్యూబు పడటమూ నా పుణ్యమే. నాన్నగారికి 79. ముప్ఫై ఏళ్ళు సిగరెట్లు కాల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు, ప్రోస్టేట్ గ్రంథి కూడా పెరిగింది. డిసెంబరు చలికి జలుబు చేస్తే, పక్కింటాయనకు పనిచేసిందని మందుల షాపులో ఒక మాత్రల అట్ట కొనుక్కొచ్చాను. అట్ట వెనక క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ అని రాసే ఉంది. చదివాను కూడా. మొదటిది మూత్రాశయం పిండే బలాన్ని తగ్గిస్తుంది, రెండోది దాని ముఖద్వారాన్ని బిగిస్తుంది. ప్రోస్టేట్ పెరిగిన మనిషికి ఈ రెండూ కలిపి ఇస్తే ఏమవుతుందో అర్ధరాత్రి తెలిసింది. ఆస్పత్రిలో ట్యూబు వేస్తే ఒక్కసారే 900 మిల్లీలీటర్లు వచ్చింది. ఆయాసానికి నెబులైజర్‌లో పోసే ఇప్రాట్రోపియం కూడా కొందరు మగవాళ్ళలో ఇలా చేయొచ్చట. ఊపిరి పాఠం, ఉచ్చ పాఠం వేరువేరు నెలల్లో చెప్పుకుపోయిన నాకు, రెండూ ఒకే ఒంట్లో ఉంటాయని తట్టనే లేదు.

ఇంతవరకూ చెప్పినవి చిల్లర తప్పులు.

ఇంటికి పంపేటప్పుడు ఆక్సిజన్ మిషను రెండు లీటర్ల దగ్గర పెట్టి, వేలికి తగిలించే మీటరులో 88 నుంచి 92 మధ్య ఉంటే చాలని కాగితం మీద రాసిచ్చారు. ఆ కాగితం గోడకు అంటించింది నేనే. ఒక రాత్రి చూస్తే 90 ఉంది. నూటికి తొంభై వస్తే మిగతా పదీ ఏమయ్యాయని పిల్లల్ని నిలదీసే జాతి మాది. మీట తిప్పి అయిదు లీటర్లు చేశాను. కాసేపటికి 97 వచ్చింది. డిస్టింక్షన్! నాన్నగారు కూడా వారం తర్వాత హాయిగా నిద్రపోయారు. తెల్లారాక మా ఆవిడ కాఫీ తెస్తే, లేపకు, పడుకోనీ అని కసిరాను. కాఫీ చల్లారిపోయింది.

ఎనిమిదింటికి వచ్చిన సిస్టర్ ముందు ఆయన మొహం చూడలేదు, మిషను మీట చూసింది. "ఎవరు తిప్పారు సార్?" నేను మాట్లాడలేదు. ఆమె నాన్నగారి రొమ్ము ఎముక మీద గట్టిగా రుద్ది "మాస్టారూ, మాస్టారూ" అని పిలిచింది. ఆయన కళ్ళు సగం తెరిచి, బడికి టైమైందా అన్నారు. చేతులు ముందుకు చాపి ఎత్తమంటే మణికట్లు పిట్ట రెక్కల్లా టపటపలాడాయి. అది నిద్ర కాదు, కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోయిన మగత. ఆక్సిజన్ ఒక్కసారే తీసేయలేదు ఆ అమ్మాయి. రెండుకు తగ్గించి, వేలి మీటరు చూస్తూనే డాక్టరుకు ఫోన్ చేసింది. మూడు రోజులు బైపాప్ మాస్కు పెట్టాల్సి వచ్చింది.

ఇలాంటి ఊపిరితిత్తులకు ఆక్సిజన్ ఎక్కువైతే, గాలి సరిగా ఆడని భాగాలకు కూడా రక్తం మళ్ళుతుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోక రక్తంలో నిలుస్తుంది. టాస్మానియాలో అంబులెన్స్ రోగుల మీద జరిపి 2010లో ప్రచురించిన పరిశీలన ఒకటి తర్వాత చదివాను. 88–92 మధ్య ఉండేలా కొలిచి ఇచ్చినవాళ్ళలో మరణాలు బాగా తగ్గాయి. గోడ మీది కాగితంలో ఉన్నవీ అవే అంకెలు.

ఇప్పుడు ఆయాసం వస్తే నాన్నగారిని వెల్లకిలా పడుకోబెట్టడం మానేశాను. బల్ల మీద రెండు దిళ్ళు పెట్టి, ముందుకు వాలి చేతులు ఆనించుకోమంటున్నాను. సిస్టర్ నేర్పినట్టు ముక్కుతో పీల్చి, దీపం ఆర్పుతున్నట్టు పెదాలు సున్నా చుట్టి మెల్లగా వదులుతారు. ఒక నోటుపుస్తకం కూడా పెట్టాం. తాగిన నీళ్ళెన్ని, బ్యాగులోంచి కొలపాత్రలో పోసినవెన్ని, రంగెలా ఉంది, అన్నీ రాయడం నా డ్యూటీ. మీట ముట్టుకోవడం మాత్రం నా డ్యూటీ కాదని మా ఆవిడ తేల్చేసింది.

నిన్న సాయంత్రం 650, 450 కూడి 1200 అని వేశాను. నాన్నగారు లెక్కల మాస్టారు. కళ్ళజోడు ఇమ్మని అడిగి, పుస్తకం తెప్పించుకుని, కాసేపు దాన్నే చూశారు. నా 1200 కొట్టేసి పక్కన 1100 వేశారు. తర్వాత, ఇంట్లో ఎర్ర పెన్ను లేదుట్రా అన్నారు.