మా రోజుల్లో ఎర్ర పెన్సిలు

మొన్న పొద్దున మిర్యాలగూడలో మా గల్లీకి ఆశా కార్యకర్త వచ్చింది. భుజాన సంచి, చేతిలో ఫోను. మా ఎదురింటామె రైసు మిల్లులో ఊడ్చే పనికి పోతుంది. యాభై అయిదేళ్లుంటాయి. మిల్లుకు బయల్దేరుతున్న ఆమెను గడప దగ్గరే ఆపి బీపీ, షుగరు సర్వే ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, బీపీ ఉన్నదా?"

"లేదు బిడ్డా."

"పొగాకు తింటవా?"

"లేదు."

"మీ అమ్మకు, నాయనకు బీపీ గానీ షుగరు గానీ ఉండెనా?"

"ఏమో, ఆళ్లకు పరీక్షలెవరు చేసిన్రు!"

నడుము కొలిచే టేపు సంచిలోంచి బయటికి రాలేదు. ఆ కొలత గడిలో అందాజుగా ఒక అంకె పడింది. వయసుకు 3 మార్కులు, మిగతా అన్నిటికీ సున్నా. మొత్తం 4 దాటిన వాళ్లనే ముందుగా పరీక్షలకు పిలవాలి కాబట్టి "ఏం భయం లేదు పెద్దమ్మా" అని ఆ పిల్ల పక్కింటికి పోయింది.

నా కడుపు మండింది. మా ఎదురింటామెకు బీపీ ఉంది. ఆరెంపీ దగ్గర నెలకోసారి గోలీలు తెచ్చుకుంటుంది. గోలీ వేసుకుంటున్నాక బీపీ ఇంకెక్కడిదని ఆమె లెక్క. పొగాకు కొంగు ముడిలోనే ఉంది. నలుగురూ వింటుండగా అడిగితే ఆడమనిషి ఒప్పుకుంటుందా? తల్లి బీపీతోనే పక్షవాతం వచ్చి మంచాన పడి పోయింది, గల్లీ అంతా చూసింది. పొగాకుకు 2, తల్లి రోగానికి 2 కలిపితే 7 కావాలి. 3 వేసి పోయారు.

నేను 1981లో హెల్త్ వర్కరుగా చేరాను. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ అప్పుడు నల్లగొండ జిల్లానే. రిటైరైన 2016లోనే సూర్యాపేట వేరే జిల్లా అయింది. ఆ ముప్పై అయిదేళ్లూ నా చేతిలో ఉన్నది కంప్యూటరు కాదు. పొడుగాటి రిజిస్టరు, ఒక ఎర్ర పెన్సిలు.

కోదాడ అవతల ఒక పల్లెలో మా సిస్టరమ్మతో ఇల్లిల్లూ తిరుగుతున్న రోజులవి. ఎనిమిదో నెల గర్భిణి ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. సిస్టరమ్మ చెంబు అందుకుంది గానీ తాగలేదు. ఆమె కాళ్లకేసి చూస్తోంది. మెట్టెలు వేళ్లలోకి దిగిపోయి, చుట్టూ కండ ఉబ్బి ఉంది.

"మెట్టెలు ఎన్నడు బిగుసుకున్నయమ్మా?"

"వారమాయె సిస్టరమ్మా."

"కండ్లకు మసకలు గిట్ల వస్తున్నయా?"

"పొద్దుగూకేటప్పుడు వస్తున్నయి. తలకాయ నొస్తది."

బీపీ పెట్టె తెరిచి చూస్తే పైది 160, కిందిది 110. గుర్రపు వాతం వచ్చే ముందు పరిస్థితి అది. ఆ మధ్యాహ్నం బస్సుకే అత్తను తోడిచ్చి సూర్యాపేట ఆసుపత్రికి పంపాం. రిజిస్టరులో ఆ ఇంటి నంబరు చుట్టూ సిస్టరమ్మ ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, చివరి గడిలో తారీఖు వేసింది. ఆ గడి పేరు 'మళ్లీ చూసేది'. ఆ తారీఖున ఎండలో నడిచి మళ్లీ పోయాం. తల్లీ బిడ్డా దక్కారు.

"ఎర్ర సున్నా చుట్టినమంటే ఆ ఇంటికి బాకీ పడ్డట్టే" అనేది సిస్టరమ్మ. నాకు ఉద్యోగం నేర్పిన మాట అదే.

మా రోజుల్లో అంతా బాగుందని నేను అనను. ఆ రిజిస్టర్లను చెదలు తిన్నాయి. సిస్టరమ్మకు బదిలీ అయితే ఊరి రోగాల లెక్కంతా ఆమెతోనే బస్సెక్కి పోయేది. కొత్తగా వచ్చినామె మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టేది. ఆ జ్ఞాపకాన్ని పోగొట్టకుండా దాచే మిషను వస్తే నాకంటే సంతోషించేవాడు లేడు. 2022 మార్చిలో ములుగు, సిరిసిల్లలో 18 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి ఆరోగ్య సూచిక తయారుచేస్తామని మొదలుపెట్టినప్పుడు మా జిల్లాకెప్పుడు వస్తుందని ఎదురుచూశాను. ఆరోగ్య రికార్డులను ఒక్కచోట చేర్చే 14 అంకెల ఆభా నంబరు కూడా ముందు వరుసలో నిలబడి తీసుకున్నాను.

నా కోపం మిషను మీద కాదు. దానికి మనం పెట్టే తిండి మీద.

ఇట్లా దాచిన లెక్కలతోనే ముప్పును ముందుగా చెప్పే ఈ మెషిన్ లెర్నింగ్ చేసే పని అర్థం కానిదేమీ కాదు. లక్షల మంది పాత కేసు షీట్లు దాని ముందు పోస్తారు. వీళ్లలో తర్వాత గుండెపోటు ఎవరికొచ్చింది, ఎవరికి రాలేదు, వచ్చినవాళ్లలో ముందునుంచీ ఏమేం కలిసి ఉన్నాయి అని అది పోలికలు పడుతుంది. కొత్త మనిషి వివరాలివ్వగానే ఆ పోలికలతో తూచి ముప్పు ఇంత అని చెబుతుంది. అపోలో వాళ్లు మైక్రోసాఫ్ట్‌తో కలిసి 2018లో తెచ్చిన గుండె జబ్బు స్కోరు అట్లాంటిదే. సుమారు 4 లక్షల మంది వివరాలు చూసి, 21 అంశాలు లెక్కలోకి తీసుకున్నారు. తెల్లవాళ్ల ఒంటికి కట్టిన లెక్క మనకు సరిపోదని మన లెక్క మనం కట్టుకోవడం మంచి పని. కానీ అంత పెద్దాసుపత్రి గడప తొక్కినవాళ్ల కాగితాల్లో మా మిల్లు హమాలీ ఎంతమందిలో ఒకడై ఉంటాడు? ఊకధూళి పీల్చి దగ్గేవాడు ఆరెంపీ దగ్గర సూది వేయించుకుని పనికి పోతాడు. అక్కడ చీటీ కూడా ఉండదు. రాత లేని రోగాన్ని మిషను రోగం లేదనే చదువుకుంటుంది.

అమెరికాలోనే ఈ పొరపాటు బయటపడింది. ఎవరికి ఎక్కువ సాయం కావాలో చెప్పే ఒక లెక్కను 2019లో పరిశోధకులు విప్పి చూశారు. అది రోగాన్ని కాకుండా వైద్యానికయిన ఖర్చును కొలుస్తోంది. నల్లజాతివాళ్లు అంతే రోగంతో ఉన్నా వాళ్ల మీద అయ్యే ఖర్చు తక్కువ, కాబట్టి లెక్కలో ఆరోగ్యంగా తేలారు. సాయానికి ఎంపికైనవాళ్లలో వాళ్లు 17.7 శాతమే. లెక్క సరిచేస్తే 46.5 శాతం కావాలి. డబ్బులేక ఆసుపత్రికి పోనివాడిని ఆరోగ్యవంతుడి కింద జమకట్టడం మా ఎదురింటామెకు జరిగినదానికంటే వేరా?

రాసిన రాత అయినా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. రెండేళ్ల కింద ఒక పెద్దాసుపత్రిలో హెర్నియా ఆపరేషన్ చేయించుకున్నాను. డిశ్చార్జి కాగితంలో పదేళ్లుగా షుగరు ఉన్నట్టు రాసి ఉంది. నాకు షుగరు లేదు. దిద్దమని కౌంటరు దగ్గర గంటసేపు నిలబడితే "సిస్టంలో ఎక్కింది సార్, ఇప్పుడు మార్చరాదు" అన్నారు. మా రోజుల్లో తప్పు రాస్తే ఒక గీత కొట్టి, పక్కన సంతకం పెట్టి, ఒప్పు రాసేవాళ్లం. రేపు ఏదో మిషను నా లేని షుగరును కూడా నిజమనుకుని నేర్చుకుంటుంది.

అసలు ముప్పును లెక్కకట్టే ఈ విద్య ఎట్లా పుట్టిందో ఇప్పటి పిల్లలకు ఎవరైనా చెప్పాలి. అమెరికాలో ఫ్రేమింగ్‌హామ్ అని ఒక చిన్న ఊరు. 1948లో ఆ ఊళ్లో 5,209 మంది పేర్లు రాసుకుని పరీక్షలు మొదలుపెట్టారు. మన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర లాగా రెండేళ్లకోసారి అదే మనుషులను పిలిచి చూశారు. ఏళ్లు, దశాబ్దాలు చూశారు. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్టు గుండెకు చేటని లోకం అంకెలతో నమ్మింది ఆ పట్టుదల వల్లే. అంటే ఆ విద్యకు వేరు కంప్యూటరు కాదు, చూసిన మనిషినే మళ్లీ మళ్లీ చూడడం.

ఆ పొద్దున నేను ఊరుకోలేదు. ఆశా పిల్లను వెనక్కి పిలిచాను. "బిడ్డా, ఆమెను లోపలికి తీస్కపోయి, తలుపు దగ్గరికేసి, మళ్లొకసారి అడుగు. టేపు తియ్యి" అన్నాను. పాపం, సాయంత్రానికి ముప్పై ఇండ్లు ముగించాలని ఆ పిల్ల మీద ఒత్తిడి. అయినా నా మాట కాదనలేదు. ఈసారి 7 వచ్చింది. మర్నాడు నర్సమ్మ వచ్చి చూస్తే పైది 180. ఆరెంపీ ఇచ్చిన గోలీలు ఆమె రోజు విడిచి రోజు వేసుకుంటోందట, నెలంతా వస్తాయని.

డాక్టరును ఫోనులో అడిగి మందు మార్చి రాసిచ్చి నర్సమ్మ లేస్తుంటే మా ఎదురింటామె అడిగింది. "మల్లెప్పుడొస్తవు బిడ్డా?"

నర్సమ్మ ఫోను వైపు చూసింది, నా వైపు చూసింది. నా టేబుల్ సొరుగులో ఇప్పటికీ ఒక ఎర్ర పెన్సిలు ముక్క ఉంది. తెచ్చి చేతికిచ్చాను. గోడ మీది క్యాలెండరులో వచ్చే మంగళవారం చుట్టూ ఆమే సున్నా చుట్టింది.