విడుదలార్థి

లినక్స్ వాడేవారిలో విడుదలార్థి అనదగిన వ్యక్తి ఒకడు తరచుగా తారసపడతాడు. కంప్యూటర్‌తో చేయవలసిన పనికన్నా, ఆ పనిని ఏ విడుదల మీద చేయాలన్న విచారణలోనే ఇతని ఆయుర్దాయం అధికంగా ఖర్చవుతుంది. వేలకొద్దీ సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను ఒకచోట కూర్చి, అవి పరస్పరం పొసగుతున్నాయో లేదో పరీక్షించి, ఒక పేరూ ఒక సంఖ్యా పెట్టి వాడుకరులకు అందించే ఆపరేటింగ్ సిస్టమ్ రూపాన్ని విడుదల అంటారు. ఆ పరీక్షకు నెలలు పడతాయి. ఆ నెలల్లో ఆయా ప్యాకేజీల రచయితలు కొత్త వెర్షన్లు వదులుతూనే ఉంటారు. కాబట్టి కుదురుకున్న విడుదల ఎంతో కొంత పాతదిగానూ, సరికొత్త విడుదల ఎంతో కొంత కుదురులేనిదిగానూ ఉండక తప్పదు. లోకం ఈ సంగతితో ఎప్పుడో రాజీపడింది. విడుదలార్థి పడలేదు.

ఇతని సంచారానికి ప్రధాన క్షేత్రం 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అనే లినక్స్ రూపం. అందులో స్టేబుల్, టెస్టింగ్, అన్‌స్టేబుల్ అని మూడు శాఖలున్నాయి. కొత్త ప్యాకేజీ మొదట అన్‌స్టేబుల్‌లో అడుగుపెట్టి, కొద్దిరోజులపాటు పెద్ద దోషమేదీ బయటపడకపోతే టెస్టింగ్‌కు చేరుతుంది. సుమారు రెండేళ్లకొకసారి టెస్టింగ్‌లోకి మార్పుల రాకను క్రమంగా కట్టడిచేసి, మిగిలిన దోషాలు సవరించి, దానినే స్టేబుల్‌గా ప్రకటిస్తారు. విడుదలలకు టాయ్ స్టోరీ చిత్రాలలోని పాత్రల పేర్లు పెట్టడం అక్కడి ఆచారం. అన్‌స్టేబుల్‌కు మాత్రం ఆ చిత్రాల్లో బొమ్మలను విరగ్గొట్టే పక్కింటి కుర్రాడు సిడ్ పేరు శాశ్వతంగా ఉండిపోయింది. హెచ్చరికను ఏకంగా పేరులోనే పెట్టినా పెడచెవిన పెట్టగలగడం సామాన్యులకు సాధ్యం కాదు.

ట్రిక్సీ అనే డెబియన్ 13 వెలువడిన 2025 ఆగస్టు 9 తరువాతి వారంలో విడుదలార్థిని చూసినవారు అతనిలో వానప్రస్థుని ప్రశాంతతను గమనించి ఉంటారు. మూడేళ్ల పూర్తి మద్దతు, ఆపైన రెండేళ్ల దీర్ఘకాలిక మద్దతు, వెరసి అయిదేళ్లపాటు దీని జోలికి పోనని అతడు ప్రతిజ్ఞ చేస్తాడు. స్టేబుల్‌లో భద్రతాలోపం బయటపడితే సాధారణంగా కొత్త వెర్షన్‌ను తేకుండా ఆ సవరణను మాత్రమే పాత వెర్షన్‌లో అతుకుతారని, అందువల్ల సంఖ్య పాతదిగా కనిపించినా కంత పూడినట్టేనని ఎదుటివారికి గంటసేపు బోధించగల పాండిత్యం అతనికుంది. తాను వాడే ఎడిటర్‌కు కొత్త వెర్షన్ వచ్చిందని తెలిసిన రాత్రి ఆ పాండిత్యం అక్కరకు రాదు. అందులోని కొత్త సదుపాయం తనకు కావాలా అన్న ప్రశ్న అతనికి తోచదు. తన దగ్గరున్న సంఖ్య చిన్నది, అంతే.

ఇందుకు శాస్త్రసమ్మతమైన మార్గం ఒకటుంది. టెస్టింగ్‌లోని కొన్ని ప్యాకేజీలను స్టేబుల్ మీద నడిచేలా తిరిగి నిర్మించి ఇస్తారు. వాటిని బ్యాక్‌పోర్ట్స్ అంటారు. తనకు కావలసినది అందులో కనిపించకపోతే, విడుదలార్థి ప్యాకేజీలు ఎక్కడినుంచి దిగాలో చెప్పే ఫైలులో సిడ్ చిరునామాను చేరుస్తాడు. ఒక్క ఎడిటరే కదా అనుకుంటాడు. ఆ ఎడిటర్ తనకు కొత్త సి లైబ్రరీ, అంటే దాదాపు ప్రతి ప్రోగ్రామూ ఆధారపడే పునాది, కావాలంటుంది. ఆ లైబ్రరీ పెళ్లికి పిలిస్తే పదిమందిని వెంటబెట్టుకొచ్చే బంధువులా దిగుతుంది. ఇలాంటి సంకరాన్ని డెబియన్ వర్గాలు ఫ్రాంకెన్‌డెబియన్ అని వెక్కిరిస్తాయి. రెంటికీ చెడ్డ రేవడి అన్నా సరిపోతుంది. మర్నాడు పొద్దున తెర నల్లగా ఉంటుంది, ఇల్లాలు కరెంటు బిల్లు ఫోన్‌లో కట్టేస్తుంది.

తరువాతి మజిలీ 2002లో పుట్టిన ఆర్చ్ లినక్స్. రోలింగ్ అనే దాని పద్ధతిలో సంఖ్య పెట్టిన విడుదలలుండవు, కొత్త వెర్షన్లు వచ్చినవి వచ్చినట్టు చేరుతుంటాయి. మొత్తం వ్యవస్థను ఒకేసారి నవీకరించాలి, నచ్చిన ముక్కను ఏరుకుంటే పూచీ వాడుకరిదే. విడుదలార్థి కాఫీ తాగకముందే నవీకరణ ముగిస్తాడు. అయితే కూతురి పురుటికి అమెరికా వెళ్లి ఆరు నెలలకు తిరిగివచ్చినప్పుడు, ప్యాకేజీల సంతకాలను సరిచూసే తాళంచెవుల గుత్తి ఈలోగా పాతబడి, ఏ ప్యాకేజీనీ నమ్మనని యంత్రం మొరాయిస్తుంది.

2024 మార్చి 29న, శుక్రవారం నాడు, ఎక్స్‌జెడ్ అనే డేటా కుదింపు సాఫ్ట్‌వేర్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో పనిగట్టుకొని దొంగదారి అమర్చారని బయటపడింది. అది సిడ్‌కూ టెస్టింగ్‌కూ చేరింది కాని స్టేబుల్‌కు చేరలేదు. విడుదలార్థి వెంటనే స్టేబుల్‌కు మరలివచ్చి, తాను ఎప్పటినుంచో చెబుతున్నదే జరిగిందన్నాడు (ఎప్పటినుంచో అంటే శుక్రవారం నుంచి). దానిని కనిపెట్టిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ సిడ్ నడిచే యంత్రంలోనే లాగిన్ సుమారు అరసెకను ఆలస్యమవడం చూసి అనుమానించాడని, సిడ్‌ను వాడే సాహసులు లేకపోతే ఆ దొంగదారి స్టేబుల్ దాకా నడిచివచ్చేదేమోనని ఎవరైనా అంటే, అతడు సంభాషణను ఎండల మీదికి మళ్లిస్తాడు.

విచిత్రమేమంటే ఇతరుల విషయంలో ఇతని తీర్పుకు వంక పెట్టలేము. బావమరిది లాప్‌టాప్‌లో రెండేళ్లకొకసారి వచ్చి అయిదేళ్ల మద్దతు పొందే ఉబుంటు ఎల్‌టీఎస్‌నే వేస్తాడు, తొమ్మిది నెలలకే గడువు తీరే మధ్యంతర విడుదలను ముట్టనివ్వడు. శుభలేఖ వేయించడానికి వెళ్లిన డీటీపీ సెంటర్లో 2001 నాటి పేజ్‌మేకర్ 7నూ అను ఫాంట్లనూ విండోస్ 7 మీద నడుపుతున్న ఆపరేటర్‌ను చూసి, మార్పు లేకపోవడమూ స్థిరత్వమూ ఒకటి కావని, ఆ విండోస్‌కు 2020 జనవరిలోనే మద్దతు ముగిసిందని సరిగ్గానే చెబుతాడు. ఆపరేటర్ ప్రూఫు చేతికిచ్చి, "పెళ్లికూతురి పేరులో ఒత్తు సరిగ్గా ఉందేమో చూసుకోండి సార్" అంటాడు.

ఇటీవల విడుదలార్థికి పరిష్కారం దొరికింది. అడుగున స్టేబుల్‌ను కదపకుండా ఉంచి, కావలసిన అప్లికేషన్లను వాటి లైబ్రరీలతో సహా విడిగా మూటగట్టి ఇచ్చే ఫ్లాట్‌పాక్ రూపంలో తెచ్చుకుంటే పునాదీ చెక్కుచెదరదు, ఎడిటరూ కొత్తదే అవుతుంది. ఒక ఆదివారం అతడు అలాగే అమర్చాడు; అన్నీ పనిచేశాయి. సోమవారమూ అన్నీ పనిచేశాయి. బుధవారానికి ముఖంలో కళ తప్పింది. గురువారం రాత్రి ఆ మూటలు విప్పి, లోపలి లైబ్రరీల సంఖ్యలను ఒక్కొక్కటే సిడ్‌లోని సంఖ్యలతో సరిచూస్తూ కనిపించాడు.