ఎనిమిది బోల్టుల ఫోర్‌మన్

గోదావరిఖనిలో ఏ కాలనీకి పోయినా ఈయన ఒకడుంటాడు. యైటింక్లయిన్ కాలనీలో ఉంటాడు, పవర్‌హౌస్ కాలనీలో ఉంటాడు. సింగరేణి బొగ్గు గనుల ఈ అండ్ ఎం (ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్) విభాగంలో ఫోర్‌మన్. రిటైర్మెంటు వయసు 2021లో 61కి పెంచారు కాబట్టి ఇంకా కొంత సర్వీసు మిగిలింది. వీధంతా ఆయన్ను కాక అనే పిలుస్తుంది, ఆయనకంటే పెద్దవాళ్లతో సహా. భాద్రపదం దగ్గరపడగానే యూత్ పిల్లలు చందా పుస్తకం పట్టుకుని ముందు ఆయన గుమ్మమే ఎక్కుతారు. చందా కోసం కాదు. మండపం బయట లైట్ల కంట్రోలర్ ఎక్కడ బిగించాలో, ఎట్లా బిగించాలో ఆయన చెప్పకపోతే ఆ ఏడు వినాయకుడు చీకట్లో కూర్చోవాల్సిందే. ఆయన చెప్పాక కూడా మొదటి రెండు మూడు రోజులు చీకట్లోనే కూర్చుంటాడు, అది వేరే సంగతి.

తప్పు పూర్తిగా కాకది కాదు. భూగర్భ గని ఆయనకు నేర్పిన చదువు అలాంటిది. గనిలో గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, పేలిపోతుంది. అందుకే 1.25 శాతం దాటగానే కరెంటు తీసెయ్యాలని నిబంధన. మోటారు, స్విచ్చు, గేట్ ఎండ్ బాక్సు అన్నీ ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బాల్లోనే ఉండాలి. ఆ డబ్బా గ్యాసును లోపలికి రానివ్వకుండా ఆపదు. లోపల పేలితే మంటను బయటికి రానివ్వదు. మందపాటి ఇనుప అంచుల (ఫ్లేంజ్‌ల) మధ్య సన్నటి సందులోంచి బయటపడేలోగా మంట చల్లారిపోతుంది. ఆ సందును ఫీలర్ గేజ్ పెట్టి కొలవాలి. ఒక్క బోల్టు తక్కువైనా ఆ డబ్బాకు కరెంటు ఇవ్వకూడదు. సర్వీసంతా ఈ పాఠమే చదివిన మనిషి చేతికి ఒక సీరియల్ లైట్ల కంట్రోలర్ ఇస్తే ఏం చేస్తాడు?

ఎనిమిది బోల్టులు పెడతాడు.

మండపంలో మీథేన్ ఉండదు, మహా అయితే పులిహోర వాసన ఉంటుంది. అయినా పెడతాడు. కంట్రోలర్ డబ్బా మూత సందులో ఫీలర్ గేజ్ దూర్చి చూసి, పెదవి విరిచి, బోల్టులన్నీ విప్పి మళ్లీ మొదటినుంచి బిగిస్తాడు. ఒక బుగ్గ (బల్బు) మార్చాలన్నా "ఎల్‌సీ తీసుకున్నవారా?" అని గద్దిస్తాడు. లైన్ క్లియర్ అంటే ఏమిటో తెలియని పదో తరగతి పిల్లవాడు ప్లగ్గు పీకి, ఆయన నిచ్చెన దిగేదాకా దాన్ని చేత్తో ఎత్తిపట్టుకుని నిలబడాలి. ఇక నిచ్చెన పట్టుకునే ఉద్యోగం చుట్టపుచూపుగా వచ్చినవాళ్లది. ఈ రచయితకు ఆ ఉద్యోగంలో మంచి సీనియారిటీ ఉంది, ప్రమోషన్ మాత్రం రాలేదు.

ఒక దసరాకు లాభాల వాటా డబ్బులు పడ్డ ఉత్సాహంలో పిల్లలు హైదరాబాద్ నుంచి పిక్సెల్ లైట్లు తెచ్చారు. ఒక్కో బుగ్గలో ఒక్కో చిప్పు, మెమరీ కార్డు పెట్టే కంట్రోలర్, లాప్‌టాప్‌లో గీసుకునే డిజైన్లు. కాక వాటిని చూసి, "ముందుగాల ఇన్సులేషన్ చూడాలె" అని మెగ్గర్ తీశాడు. మెగ్గర్ 500 వోల్టులు కొడుతుంది. ఆ బుగ్గలు బతికేది 12 వోల్టుల మీద. పరీక్షలో ఇన్సులేషన్ పాసయింది. బుగ్గలు మాత్రం మళ్లీ వెలగలేదు. "మాలు మంచిది కాదు" అని కాక తేల్చేశాడు.

కంట్రోలర్ ఆలోచన కొత్తదేమీ కాదు. 1882లోనే ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ న్యూయార్క్‌లో తన ఇంట్లో క్రిస్మస్ చెట్టుకు 80 రంగుల బుగ్గలు కట్టాడు. చెట్టు మోటారు మీద తిరుగుతుంటే బుగ్గలు వంతులవారీగా ఆరుతూ వెలుగుతూ ఉండేవి. జాన్సన్ తెలివైనవాడు, చెట్టును ఇంటి లోపల పెట్టాడు. అక్కడ వాన లేదు, కోతి లేదు, కాక లేడు.

అసలు చిక్కంతా వానతోనే. వినాయకచవితి వచ్చేదే వానాకాలంలో. కాక తయారయ్యింది నిప్పుతో యుద్ధానికి, శత్రువేమో నీళ్లు. ఫ్లేమ్‌ప్రూఫ్ డబ్బాలో ఇనుముకు ఇనుమే ఆనాలి, మధ్యలో గ్రీజు తప్ప ఇంకేదీ ఉండకూడదు. నీళ్లు ఆపాలంటే మూత చుట్టూ రబ్బరు గాస్కెట్ ఉండి తీరాలి. ఈ సంగతి ఇంజినీరింగ్ చదివిన కొడుకు చెబితే కాక ముఖం చూడాలి! "ఫ్లేంజ్ నడుమ రబ్బరు పెడ్తర్రా ఎవడన్న?" అని ఆ రోజు కొడుకుతో మాట్లాడలేదు. తర్వాతి వానకు డబ్బా అడుగున కప్పెడు నీళ్లు తేలాయి. మరుసటి వారం గాస్కెట్ వచ్చింది, అదీ పాత కన్వేయర్ బెల్టు ముక్కలోంచి కోసింది. ఆ ముక్క ఎక్కడిదని అడగకూడదు.

కొన్ని విషయాల్లో మాత్రం కాక మాట శిలాశాసనం, ఒప్పుకోవాలి. వైరు డబ్బాలోకి కింది నుంచే ఎక్కాలి, వైరు దూరే గ్లాండు నేలవైపే చూడాలి. లోపలికి పోయే ముందు వైరు ఒకసారి కిందికి వంగి పైకి లేవాలి, దాని వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే రాలిపోతాయి. "నీళ్లకు తెలివుంటదా? వైరు యాడికి పోతే ఆడికే పోతయి" అంటాడు. సిలికాన్ ట్యూబు కొంటే మూత తీసి వాసన చూస్తాడు. వెనిగర్ వాసన కొట్టేది పనికిరాదు, అది రాగిని తినేస్తుంది. డబ్బా సజ్జ కిందే ఉండాలి, ఎండ పడని గోడకే ఉండాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊరు ఇది, ఎండలో పెడితే శ్రీరామనవమికే కంట్రోలర్ లోపలే ఉడుకుతుంది. దానికి తోడు బొగ్గు దుమ్ము. తెల్ల డబ్బా నెల తిరక్కుండా నల్లబడుతుంది. ఆ దుమ్ము లోపలికి చేరి తడిసిందా, టెర్మినళ్ల మధ్య కరెంటు పాకడానికి దారి వేస్తుంది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగ్ అయితే కిటికీలు గడగడమంటాయి. కాక వెంటనే లేచిపోయి స్క్రూలు చూసొస్తాడు, అన్నం మధ్యలో ఉన్నా సరే. "గా డబ్బా మీదున్న ప్రేమ ఇంట్ల పాడైన ట్యూబ్‌లైటు మీద లేకపాయె" అని భార్య అంటూనే ఉంటుంది. ఆ ట్యూబ్‌లైటు ఇంకా అలాగే ఉంది.

ఐపీ 65 అనే ముద్ర గురించి తెలిశాక ఆయన పూర్తిగా చెయ్యి దాటిపోయాడు. మొదటి అంకె 6 అంటే దుమ్ము చొరబడదు, రెండో అంకె 5 అంటే పైపుతో నీళ్లు కొట్టినా లోపలికి పోవు. 44 అయితే చిందే నీళ్లకు మాత్రమే. 67 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా ఫర్వాలేదు. ఈ లెక్క విన్నప్పటి నుంచి పాలప్యాకెట్టుకు వెళ్లినవాళ్లను కూడా ఆపి చెబుతున్నాడు. ఆ అంకెల్లో కోతికి మాత్రం చోటు లేదు. కోతి వచ్చి వైరు పట్టుకుని ఊగితే 65 అయినా 67 అయినా ఒకటే.

అన్ని దారులూ మూశాక కూడా డబ్బాలో చెమట పట్టింది. రాత్రి వెలిగినంతసేపూ లోపలి గాలి వేడెక్కుతుంది, ఆర్పగానే చల్లబడి వైరు పోగుల సందుల్లోంచి తడిగాలిని పీల్చుకుంటుంది, అది నీటిబొట్లవుతుంది. అడుగున చిన్న రంధ్రం చేసి సన్న జాలి అతికిస్తే సరిపోతుంది. కానీ జీవితమంతా సందులు మూసినవాడితో బొక్క పెట్టమని ఎవరు చెబుతారు? సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు బతుకమ్మలు దించి చుట్టూ నిలబడ్డారు, కాక ఇంకా డబ్బాను గుడ్డతో తుడుస్తున్నాడు. ఆ ఏడాది మొదటి పాట సెల్‌ఫోన్ టార్చిల వెలుగులో సాగింది.

అదే వీధి చివర ఒక ఆటో డ్రైవర్ ఇల్లుంది. ఆయన చైనా సీరియల్ సెట్టు తెచ్చి, కంట్రోలర్‌ను వేపచెట్టు కొమ్మకు తాడుతో వేలాడదీసి, దానిమీద ఖాళీ అయిన పెయింటు డబ్బా బోర్లించాడు. అంతే. ఆ సెట్టు ఎన్ని వానలు పడ్డా ఆరిపోలేదు. వాన పడేది పైనుంచి, డబ్బా పైన మూసి ఉంది. కింద తెరిచి ఉంది కాబట్టి గాలి ఆడుతుంది, చెమట పట్టదు. దుమ్మును, కోతిని అది ఆపదు, పిల్లల చెయ్యిని అసలే ఆపదు, అందుకే దాన్ని ఎవరికీ సిఫార్సు చెయ్యలేం. కానీ కాక రాత్రిపూట టార్చి పట్టుకుని ఆ వేపచెట్టు కింద చాలాసేపు నిలబడటం చూసినవాళ్లున్నారు.

ఇంత చాదస్తాన్ని వీధి ఎందుకు భరిస్తుందంటే దానికీ కారణముంది. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. పది రోజులకే చవితి. ఆ ఏడు స్తంభానికి కొండీ వేద్దామన్న పిల్లవాణ్ని కాక ఒక్క చూపు చూశాడు, వాడు మళ్లీ నోరెత్తలేదు. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకరు కాక సొంత డబ్బుతో కొన్నాడు. దాని గురించి మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు. ఐపీ 65 గురించి అంతసేపు చెప్పే మనిషి!

ఇప్పుడు ఆయన డబ్బా ఏడాదంతా డ్యూటీలోనే ఉంటుంది. చవితి, బతుకమ్మ, దీపావళి అయ్యాక డిసెంబర్ 23న సింగరేణి ఆవిర్భావ దినం. 1920లో ఆ తేదీనే కంపెనీకి ఇప్పుడున్న పేరు వచ్చింది. ఆ లైట్లు దించిన రెండు రోజులకు పక్క క్వార్టర్ వాళ్ల క్రిస్మస్ స్టారుకు అదే కంట్రోలర్ కావాలి. అడుగున జాలి అతికించిన చిన్న రంధ్రం వచ్చింది, మీద బోర్లించిన పెయింటు డబ్బా కూడా వచ్చింది. పెయింటు డబ్బాను పట్టి ఉంచడానికి ఎనిమిది బోల్టులు.

మీ వీధిలోనూ ఇలాంటి కాక ఉంటే ఆయన్ను వదులుకోకండి. చవితికి లైట్లు కావాలంటే మాత్రం ఉగాదినాడే వెళ్లి చెప్పండి. నిచ్చెన పట్టుకోమంటే సెకండ్ షిఫ్టు ఉందని చెప్పి వచ్చేయండి.