'వాల్వు పీకేద్దాం సార్': టీకా తాత్పర్య సహితం

మూలం: "వాల్వు పీకేద్దాం సార్. ఫ్యాను కరెంటుది వేద్దాం. డిక్కీలో బరువు దించెయ్యండి. ఇక కొండెక్కినా మరగదు."

అవతారిక: 1956 నాటి మారిస్ ఆక్స్‌ఫర్డ్ రూపాన్ని తెచ్చుకుని, కలకత్తా దగ్గరి ఉత్తరపరాలో 2014 దాకా పోతపోసిన అంబాసిడర్ కారును గురించిన వాక్యమిది. బానెట్టు సందుల్లోంచి ఆవిరి లేస్తుండగా, గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటూ మెకానిక్కు పలికాడు. కర్త ఎవరో తెలియదు. ఆటోనగర్లో షెడ్డుకో పాఠాంతరం ఉంది.

ప్రతిపదార్థం: వాల్వు = థర్మోస్టాటు; పీకేద్దాం = ఇదివరకే పీకేశాం; సార్ = ఓ బిల్లు కట్టువాడా!; కరెంటుది = బెల్టుతో గాక మోటారుతో తిరుగునది; కొండ = తిరుమల; మరగదు = ఇవాళ్టికి మరగదు.

వ్యాఖ్య: మొదటి వాక్యం దగ్గరే గొడవ. నీళ్లు సుమారు 82 డిగ్రీలకు వేడెక్కేదాకా రేడియేటరు వైపు దారి మూసి ఉంచడం, ఆపైన తెరవడం, వాల్వు పనంతా ఇంతే. అది తుప్పుపట్టి మూసుకుపోతే నీళ్లు ఇంజిన్లోనే కుతకుతలాడతాయి. అప్పుడు పీకేస్తే రోగం కుదురుతుంది, మెకానిక్కుది మంచి హస్తవాసి అని పేరొస్తుంది. ఆ ఊపులో బాగున్న వాల్వులనూ పీకేస్తాడు. వాల్వు లేని బండి పొద్దున్నే త్వరగా వేడెక్కదు. చల్లటి ఇంజిను పెట్రోలు ఎక్కువ తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. చాలా బండ్లలో అసలు దోషి బోరు నీళ్లు. వేణ్నీళ్ల గిన్నె అడుగున కట్టే తెల్లటి గారే రేడియేటరు గొట్టాల్లోనూ కడుతుంది.

గారకట్టిన రేడియేటరు తీసి అల్యూమినియంది వేయించమంటారు కొందరు. ఇక్కడొక పూర్వపక్షం. పాత రేడియేటరు రాగి, ఇత్తడిది. వేడిని మోయడంలో అల్యూమినియం రాగికి సాటిరాదు గదా, మార్చడమెందుకు? సమాధానం: నిజమే, కానీ అల్యూమినియం గొట్టాలను వెడల్పుగా చేయొచ్చు, రెక్కలను టంకం లేకుండా అతికించొచ్చు. అందుకే మొత్తం మీద ఏమీ తీసిపోదు. పైగా దాని సాంద్రత రాగిలో మూడోవంతు కన్నా తక్కువ. చల్లదనానికి చేసిన ఖర్చులోనే బరువూ తగ్గుతుంది. ఒక్కటే షరతు: ఇందులో బోరు నీళ్లు పోస్తే లోహాన్ని తినేస్తాయి, తుప్పు పట్టనివ్వని కూలంటే పోయాలి.

రేడియేటరు మూత మాట మూలకర్త ఎత్తలేదు, లోపమే. 7 పౌండ్ల మూత కింద నీళ్లు 111 డిగ్రీల దగ్గర మరుగుతాయి, 15 పౌండ్లదైతే 121 దాకా ఆగుతాయి. అలాగని ముసలి హోసు పైపుల మీద కొత్త మూత బిగిస్తే, పగిలేది పైపే.

ఫ్యాను విషయంలో మాత్రం మూలకర్త రసజ్ఞుడు. బెల్టు ఫ్యాను ఇంజిను వేగాన్ని బట్టి తిరుగుతుంది. ట్రాఫిక్కులో గాలి కావలసినప్పుడు కునికిపాట్లు పడుతుంది, ఎదురుగాలి ఎలాగూ తగిలే హైవే మీద విజృంభిస్తుంది. దీన్ని విషమాలంకారం అనుకోవచ్చు. కరెంటు ఫ్యానుకు ఈ జాడ్యం లేదు. అయితే బండి నిలిచి ఉన్నప్పుడు పాత డైనమో కరెంటు దాదాపు పుట్టించదు కాబట్టి, ముందు ఆల్టర్నేటరు వేయాలి. ఈ సంగతి రెండో బిల్లులో తెలుస్తుంది.

"బరువు దించెయ్యండి": బండే 1,100 కిలోల పైచిలుకు, ఇంజిను 1,489 సీసీ. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్ల ఎత్తు. ఎక్కించిన ప్రతి కిలోనూ అంతెత్తుకు మోయాలి, ఆ శ్రమకు పెట్రోలు ఎక్కువ మండి ఇంజిన్లో వేడి పెరుగుతుంది. డిక్కీలోని తుప్పు జాకీ, ఎప్పటివో నూనె డబ్బాలు, పైనున్న ఇనుప క్యారియరు దించితే చాలు, రేడియేటరుకు ఊపిరాడుతుంది. స్టెప్నీని దించమన్న వ్యాఖ్యాతలూ ఉన్నారు. ఆ పదానికి వ్యుత్పత్తి: 1904లో వేల్స్‌లోని లనెల్లి పట్టణంలో, స్టెప్నీ వీధి దుకాణంలో, డేవీస్ సోదరులు అదనపు చక్రం కనిపెట్టారు, వీధి పేరే చక్రానికి వచ్చింది. అంత వంశచరిత్ర ఉన్నదాన్ని ఇంట్లో వదిలి ఘాటెక్కిన యజమానికి పంక్చరప్పుడు వేరే టీక అక్కర్లేదు.

పాఠాంతరం: కొన్ని షెడ్లలో ఐదో వాక్యం కూడా వినిపిస్తుంది: "అడ్వాన్సు ఎంతిస్తారు సార్?" ఇది ప్రక్షిప్తమనడానికి ఆధారం ఇంతవరకూ దొరకలేదు.