ఇంగొక్క తూరే: సటీకా తాత్పర్యము

మూలము

బిడ్డ: అమ్మా! పాలు. ఇంగొక్క తూరే.
అమ్మ: పాలు పండుకున్నాయి నాయనా. పొద్దు మొలిచినాక లేస్తాయి.

అవతారిక

కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో ఉన్న నల్లచెరువులో, ఒకానొక ఇంట, రాత్రి రెండు గంటలప్పుడు పుట్టిన సంవాదమిది. మంచం ఒకటే. అమ్మ ఒక పక్క, నాన్న ఒక పక్క, రెండేళ్ళ పిల్లోడు ఇద్దరికీ అడ్డంగా. బిడ్డను పక్కలో వేసుకోవాలా వద్దా అనే చర్చ మన సీమలో ఎవరూ పెట్టలేదు గనుక ఆ ప్రస్తావన ఇక్కడ రాదు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి ఈ ఊరికి ఎంతో దూరం లేదు. ఆయన ఆటవెలదులకు టీక అక్కర్లేదని అందరూ ఒప్పుకుంటారు, ఒప్పుకున్నవాళ్ళే రాస్తుంటారు. ఆ ధైర్యంతోనే ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థము

అమ్మా = ఓ తల్లీ (జానెడు దూరంలో ఉన్న మనిషిని ఇంత గట్టిగా పిలవడమెందుకంటే, ఆమె కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తున్నది కనుక); పాలు = చనుబాలు (ఆవుపాలని అర్థం చెప్పినవారు గ్లాసు తెచ్చి, అది గోడకు తగిలిన చప్పుడు విని అర్థం మార్చుకున్నారు); ఇంగొక్క = మరి యొక (ఇక్కడ 'ఒక్క' సంఖ్యావాచకం కాదు); తూరి = పర్యాయము; ఏ = మాత్రమే (ఈ 'మాత్రమే' గంటసేపు చెల్లుతుంది).

పండుకున్నాయి = నిద్రించినవి (పాలు నిద్రించడం లోకవిరుద్ధం కదా అంటే, ఈ బిడ్డ లోకంలో చందమామా బస్సూ చెప్పులూ అన్నీ నిద్రపోతాయి గనుక దోషం లేదు); పొద్దు మొలిచినాక = సూర్యోదయానంతరము (గడియారం తెలియనివాడు తన కళ్ళతో సరిచూసుకోగల గడువు ఇదొక్కటే).

శంకా సమాధానములు

ఆకలితో అడిగే బిడ్డకు లేదనడం పాపం కాదా? మొదట ఈ మాట అన్నది పక్కగదిలోని జేజి. "నీ మొగుడు బళ్ళో చేరేదాకా తాగినాడు, ఏమయింది?" అని కూడా అన్నది. ఆ మొగుడు వెంటనే గోడవైపు తిరిగి పడుకున్నాడు. జేజి మాటలో తప్పేమీ లేదు. ఆరు నెలలదాకా తల్లిపాలే, తర్వాత అన్నంతోపాటు రెండేళ్ళదాకా, ఆపైన కూడా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2016లో మన కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'మా' కార్యక్రమం కూడా పాలిచ్చే తల్లికి అండగా ఉండమనే చెప్పింది. అయితే ఇక్కడ మానేది రాత్రి పాలు మాత్రమే. పగలు సంగటీ పప్పూ గుడ్డూ, అంగన్‌వాడీ వాళ్ళిచ్చే బాలామృతం కడుపునిండా తిని ఆరోగ్యంగా ఎదుగుతున్న ఈ వయసు బిడ్డకు, నడిరాత్రి పాలు సాధారణంగా ఆకలికి అవసరం లేదు.

మరి లేవడమెందుకు? పెద్దవాళ్ళమూ రాత్రికి చాలాసార్లు సగం మెలకువలోకి వస్తాం. దుప్పటి సర్దుకుని మళ్ళీ పోతాం. వీడు నోట్లో చన్నుతో నిద్రలోకి జారినవాడు. మెలకువ రాగానే, జారినప్పుడు ఉన్నది ఇప్పుడు లేదేమని వెతుకుతాడు. కళ్ళు తెరవకుండానే వాడి వేలు అమ్మ నైటీ జిప్పు కొసను పట్టుకుంటుంది. ఆ చీకట్లో ఆ జిప్పును అంత సూటిగా పట్టుకోవడం ఆ ఇంట్లో ఇంకెవరి వల్లా కాదు.

మతభేదములు

వేపాకు నూరి రాయమనేది ప్రాచీన మతం. చాలా ఇళ్ళలో చెల్లింది కూడా. కానీ చేదు తగలగానే బిడ్డ చన్ను వదిలి ముందు చూసేది అమ్మ మొహంలోకి. ఆ చూపు చూశాక ఎందరో తల్లులు కడుక్కుని వచ్చి మళ్ళీ ఇచ్చారు. రెండోది పుట్టింటి మతం: తల్లి కొన్నాళ్ళు ఊరికి పోవడం. ఉన్నట్టుండి ఆపితే పాలు గడ్డకట్టి రొమ్ము సలుపుతుంది, జ్వరం కూడా రావచ్చు. ఇక్కడ వాడూ అక్కడ ఆమే ఏడుస్తారు. ఈ రెంటినీ వ్యాఖ్యాత ఖండించడం లేదు, పక్కన పెడుతున్నాడు. వాగ్భటుడు అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో, పళ్ళు వచ్చిన బిడ్డను క్రమక్రమంగా చన్ను మాన్పించమన్నాడు. మాకు ఆ 'క్రమం' చాలు.

ఆ క్రమం ఎట్లాగంటే: పడుకునే ముందు దీపం ఉండగానే కడుపునిండా ఇచ్చి, పళ్ళు తుడిచి, ఆ తర్వాతే జోకొట్టాలి, పాలకూ నిద్రకూ మధ్య కాస్త ఎడం రావాలి. ఇంటివాళ్ళు పడుకున్నప్పటి నుంచి పొద్దు మొలిచేదాకా పాలకు సెలవు. ఆ సెలవు సంగతి బిడ్డకు పగలే, ఆటలో, చెప్పి ఉంచాలి. మొదటి రాత్రుల్లో పది లెక్కపెట్టేదాకా ఇచ్చి తీసేయడం, తర్వాత అయిదు, తర్వాత వీపు నిమరడం, ఒక గుక్క నీళ్ళు. ముందు జిప్పున్న నైటీ పెట్టెలోకి పోవాలి. ఏడుపు ఉండదా? ఉంటుంది. మెల్లగా మాన్పించడమంటే ఏడవనీయకపోవడం కాదు, ఒంటరిగా ఏడవనీయకపోవడం.

విశేషము

మూలాన్ని మళ్ళీ చూడండి. మంచం మీద ముగ్గురున్నారు, మాట్లాడేది ఇద్దరే. వాక్యంలో కర్త కనబడనప్పుడు సంస్కృత వ్యాఖ్యాతలు ఆ పదాన్ని తామే చేర్చి 'ఇతి శేషః' అంటారు. ఇక్కడ చేర్చవలసిన పదం నాన్న. పూర్వ వ్యాఖ్యాతలు ఈ పని చేయలేదు. వాళ్ళూ నాన్నలే కావడం కారణమై ఉండవచ్చు.

నాన్నను చేర్చితేగాని వాక్యం నడవదు. పాల వాసన పక్కనే ఉండగా పాలు లేవంటే వాడెందుకు నమ్ముతాడు? అమ్మ గోడవైపుకు, నాన్న మధ్యకు రావాలి. మొదటి రాత్రి వాడు "నువ్వొద్దు" అని నాన్న రొమ్ము మీద కాలు పెట్టి తోస్తాడు. తోయనివ్వాలి. ఆ నాన్న ఒకసారి ఓపిక చాలక బయటి అరుగు మీదికి ఎత్తుకుపోయి, మదనపల్లె మార్కెట్టుకు పోయే టమాటా లారీలను చూపించాడు. ఏడుపు ఆగింది. మరుసటి రాత్రి అదే వేళకు "లారీ. ఇంగొక్క తూరే" అనే కొత్త పాఠం వెలిసింది. కాబట్టి దీపం వేయకుండా, కబుర్లు పెట్టకుండా, పక్కలోనే జోకొట్టడం శ్రేష్ఠమని గ్రహించాలి.

అపవాదము: బిడ్డకు జ్వరమో వాంతులో వస్తే పాలు నిద్రపోలేదు. అడిగినన్ని తూర్లు ఇవ్వాలి. క్రమం ఒళ్ళు నెమ్మదించాక మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇంట్లో చిన్న చెల్లి పుట్టినప్పుడూ, అమ్మ కొత్తగా ఉద్యోగానికి పోతున్నప్పుడూ దీన్ని ఎత్తుకోకపోవడం మేలు.

వాగ్భటుడు చన్ను మానిన బిడ్డకు ఒక మోదకం కూడా చెప్పాడు: సారపప్పు, అతిమధురం, తేనె, పేలాలు, కలకండ. నల్లచెరువులో దీనికి అనువాదం శెనక్కాయల ఉండ. శెనగ్గింజలు బాగా పొడి చేసి బెల్లంతో కట్టాలి, పలుకు గొంతుకు అడ్డం పడుతుంది. పెట్టేది పగటిపూట మాత్రమే. డబ్బా త్వరగా ఖాళీ అవుతున్నది బిడ్డ వల్ల కాదని, మధ్యలో పడుకునేవాడి వల్లనని జేజి పట్టుకున్నది.

ఇక పగటి పాలు ఎప్పుడు మాన్పించాలని కొందరు అడుగుతున్నారు. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మెదకు సీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి నియమం పెట్టుకున్నాడు. పగటి సంగతి మూలంలో లేదు.