స్కానింగు బాబాయి

నరసరావుపేట మల్లమ్మ సెంటర్లో దిగి స్కానింగు బాబాయి ఎక్కడుంటాడని అడిగితే పదిమందిలో ఆరుగురు ఆస్పత్రుల దారి చూపిస్తారు. పేటలో స్కానింగంటే కడుపుకో తలకో తీసేదే మరి. ఒకసారి నకరికల్లు వైపు నుంచి ఓ పెద్దాయన కిడ్నీ ఫిల్ము చంకలో పెట్టుకుని బాబాయి ఇంటికే వచ్చేశాడు. బాబాయి దాన్ని వెలుతురుకెత్తి అయిదు నిమిషాలు చూసి, "రాయి సంగతి నాకు తెలవదు గానీ, మీ ఇంటిపేరులో అక్షరం తప్పు పడింది. ముందది దిద్దించుకో. రేపు మీ మనవలు వెతుక్కుంటే దొరకవు" అని చెప్పి పంపించాడు.

ఇలాంటి బాబాయి ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు. మాచర్లలో ఒకాయన ఉన్నాడు. గురజాలలో ఇద్దరున్నారు, వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఎక్కడన్నా సర్కారో కోర్టో పాత కాగితాలు స్కాను చేసి జనం ముందు పెట్టిందని తెలిస్తే చాలు, వీళ్ళకు ఆ రాత్రి నిద్ర పట్టదు. మా బాబాయి ముప్పయ్యేళ్ళు దస్తావేజు రైటరు దగ్గర గుమస్తా చేశాడు. పోస్టుకార్డుల కాలంలో మా వీధిలో ఎవరికి కార్డొచ్చినా, ముందు ఈయన కళ్ళబడిగానీ ఆ ఇంటికి చేరేది కాదు. అదేమని అడిగితే, "దాచుకునే మాటైతే కవరు కొనుక్కోవచ్చుగా" అనేవాడు. ఆ లెక్కన చూస్తే ఇంటర్నెట్టు ఆయన కోసమే పుట్టింది. ప్రపంచంలో ఉన్న పరాయి ఉత్తరాలన్నీ కవర్లు చించి మరీ ఆయన అరుగు మీదికి తెచ్చిపెట్టింది.

ఎన్రాన్ ఆయన తొలిప్రేమ. దభోల్ కరెంటు పేరుతో మనకూ తెలిసిన కంపెనీయే. 2001లో అది దివాలా తీశాక, విచారణ చేసిన అమెరికా ఇంధన నియంత్రణ సంస్థ 2003లో ఆ ఉద్యోగుల మెయిళ్ళు బహిరంగంగా పెట్టేసింది. నూట యాభై మంది చేతివి, అయిదు లక్షల దాకా ఉంటాయి. కంప్యూటరుకు చెత్త మెయిలేదో మంచి మెయిలేదో నేర్పడానికి పండితులు వాటిని వాడుకున్నారు. బాబాయి వాడుక వేరు. "అంత పెద్ద కంపెనీ మునుగుతుంటే వాళ్ళేం రాసుకున్నారో తెలుసా అబ్బాయ్? మధ్యాన్నం కూటికి యాడికెళ్దామని! మన మండలాఫీసుకూ దానికీ తేడా ఏముంది?" 2010లో వికీలీక్స్ వాళ్ళు అమెరికా రాయబారుల తంతి ఉత్తరాలు రెండున్నర లక్షలు బయటపెట్టడం మొదలుపెట్టినప్పుడు, 2008లో తెరిచిన హైదరాబాదు కాన్సులేటు నుంచి మన రాజకీయాల గురించి ఏం రాశారో చూద్దామని కూర్చున్నాడు. మూడు రోజులు చూశాడు. నాలుగో రోజు పిన్ని, "ఇంట్లో గ్యాసు పుస్తకం యాడుందో తెలవదు గానీ, ఒబామాగారి పెట్టెలో ఏముందో కావాలా?" అని అరుగు మీద చీపురు తిరగేసి కొట్టింది.

ఆయన వెతికే తీరు దగ్గరుండి చూడాలి. ఫోను అద్దం మూలకు పగిలి ఉంటుంది. దాని మీద గుమస్తాగిరీ నాటి భూతద్దం పెట్టుకుని, చిక్కుడుకాయ ఒలిచినట్టు రెండు వేళ్ళతో పేజీని విప్పుతాడు. "పల్నాడు అని కొడితే ఏం దొరుకుద్ది? పల్నాడ్ అని కొట్టాల. తెల్లోడి నోట్లో చివర ఉకారం నిలవదు." ఒకసారి దానికీ రాలేదు. మాట పంక్తి చివర విరిగి, పల్ పైనా నాడ్ కిందా పడి ఉంటుందని పసిగట్టి, వట్టి నాడ్ అని కొట్టాడు. అరవదేశమంతా వచ్చి మీదపడింది. పడిందాన్ని ఊరికే పోనిస్తాడా, అదీ చదివాడు.

జిల్లాల దగ్గర మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. గుంటూరు జిల్లా అని వెతికి ఏమీ దొరకలేదని కాలేజీ కుర్రాళ్ళు వస్తే జాలిగా చూస్తాడు. "1859లో గుంటూరు జిల్లాను ఎత్తేసి కృష్ణాలో కలిపారు. 1904లో మళ్ళీ విడదీశారు. 2022 ఏప్రిల్ 4న మనది పల్నాడు జిల్లా అయింది. ఊరు అంగుళం కదల్లేదు నాయనా, మీరే జిల్లా మారి వెతకాల." ఇంత తెలిసినాయన దగ్గరికి పొలం కాగితాలు, అడంగలో ఒన్-బీయో, కావాలని వస్తే మాత్రం ఆ పూట గోవిందా. సర్కారు మీభూమి సైటులో రెండు నిమిషాల పని. ఆయన ఆర్‌ఎస్‌ఆర్‌ నుంచి మొదలుపెడతాడు. బ్రిటిషు కాలపు ఆ రిజిస్టరులో పట్టాదారు పేరుండాల్సిన గడిలో చుక్కలుంటే వాటిని చుక్కల భూములన్నారు. ఎవడో గుమస్తా పెట్టిపోయిన ఆ చుక్కల చుట్టూ రైతులు వందేళ్ళు తిరిగితే, 2017లో వాటికోసం ఒక చట్టమే చెయ్యాల్సి వచ్చింది. బాబాయికి ఆ గుమస్తా మీద కోపం లేదు, కులాభిమానం. "పాపం వేలు నొప్పెట్టి ఉంటుంది" అంటాడు.

స్కాను చేసినవాడి వేలంటేనే పడదు. పాత తెలుగు పుస్తకాలు వేలకు వేలు నెట్లోకి ఎక్కించారు, మహోపకారమే. కానీ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. కొన్ని పేజీలు తలకిందులు. కావలసిన పేజీలోనే, కావలసిన పంక్తి మీదే, తిప్పినవాడి బొటనవేలు పడి ఉంటుంది. ఆ వేలు మళ్ళీ ఎదురుపడితే గోరు చూసి గుర్తుపడతానని బాబాయి పంతం. అయినా లొంగడు. వేలి సందులోంచి, చెదలు తిన్న మేరలోంచి, వెనక పేజీ సిరా ముందుకు దిగిన చోటునుంచి మాట లాగుతాడు. "శుభ్రంగా ఉన్న కాగితం ఎవుడన్నా చదువుతాడబ్బాయ్. చెదలు తిన్నది చదివినోడే గుమస్తా."

ఇన్ని వెతికినా, అసలు వెతికేది ఒకటే అని నాకు ఆలస్యంగా అర్థమైంది. కొత్త పెట్టె ఏది తెరిచినా, అది అమెరికాదైనా సరే, ముందు తన ఇంటిపేరు కొడతాడు. (నవ్వకండి. మీరూ అంతే, నేనూ అంతే.) వాళ్ళ ముత్తాత పుల్లరి వీరుడని ఆ ఇంట్లో నాలుగు తరాలుగా చెప్పుకుంటున్నారు. 1921లో అడవిలో గొడ్లు మేపుకోవడానికి పుల్లరి అనే పన్ను కట్టమంటే పల్నాడు రైతులు కట్టం పొమ్మన్నారు. ఊళ్ళోకొచ్చిన అధికార్లకు చాకలీ మంగలీ కూడా దొరక్కుండా చేశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడులో వాళ్ళ నాయకుడు కన్నెగంటి హనుమంతు పోలీసు తూటాలకు ఒరిగిపోయాడు. ఆ వేళ ముత్తాత ఆయన పక్కనే ఉన్నాడని మొదట అనుకున్నారు. తర్వాత్తర్వాత ముందే ఉన్నాడు. మొన్న మనవరాలి పెళ్ళి నాటికి గుర్రం కూడా చేరింది. కాగితం ఒక్కటే తక్కువ. అది దొరికితే పటం కట్టించి వసారాలో పెట్టాలని మేకు కూడా కొట్టించాడు.

పోయిన కార్తీకమాసంలో ఒక సాయంత్రం వెళ్ళేసరికి బాబాయి అరుగు మీద ఉన్నాడు. భూతద్దం ఫోను మీదే ఉంది, మనిషి మాత్రం రోడ్డు వైపు చూస్తున్నాడు. నేను వంగి చూశాను. నేను చూసినంతలో అంత చక్కటి స్కాను లేదు. వేలు లేదు, చెద లేదు, గీత గీతా విడివిడిగా ఉంది. ఏదో గ్రామం లెక్క. పుల్లరి చెల్లించినవారి జాబితా. మూడో పేరు, ఇంటిపేరుతో సహా, తండ్రి పేరుతో సహా, రెండు ఆవులు, ఒక దూడ, బాకీ లేదు.

లోపల్నుంచి పిన్ని కేకేసింది. "ఏమయ్యా, ఇందాకట్నుంచీ సడి లేదు. దొరికిందా ఏంది?"

బాబాయి భూతద్దం తీసి, ఉత్తరీయం కొసతో తుడిచి, సంచిలో వేసుకున్నాడు.

"లేదు. స్కానింగు బాలేదు. అక్షరం ఆనట్లా."